మాజీ సైనికుల పిల్లల ఉన్నత చదువులకు చేయూత
తొలి ఏడాదిలో దరఖాస్తు చేయకుంటే నాలుగేళ్ల సాయం చేజారినట్లే
వివరాలు సరిచూసుకోవాలి.. గడువు మరవొద్దు

రఘునాథపల్లి: దేశ సరిహద్దుల్లో పదిహేను, ఇరవై ఏళ్లు కాపలా కాసి సొంతూరికి చేరుకున్న జవాన్లకు ఇంటి వద్ద మరో పోరాటం ఎదురవుతోంది. అదే పిల్లల ఉన్నత చదువు. నెలనెలా వచ్చే పింఛనులో ఇంటి ఖర్చులు పోగా ఇంజినీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ కళాశాలల రుసుములు, హాస్టలు ఖర్చులు భరించడం హవల్దారు, నాయక్, సిపాయి హోదాల్లో విరమణ పొందినవారికి తలకు మించిన భారమే. ఈ భారాన్ని తగ్గించేందుకు కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా పలు పథకాలు అమలవుతున్నాయి. అయితే ఏ పథకం ఎవరికి వర్తిస్తుంది, ఎప్పుడు దరఖాస్తు చేయాలి, ఏయే పత్రాలు ఉండాలి అన్నది తెలియక అర్హత ఉండి కూడా సాయం అందుకోలేని పరిస్థితి గ్రామాల్లో నెలకొంది. రఘునాథపల్లి మండలంతోపాటు ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మాజీ సైనికుల కుటుంబాలు తెలుసుకోవాల్సిన వివరాలివి.

ప్రధానమంత్రి ఉపకార వేతనం

మాజీ సైనికుల పిల్లల ఉన్నత విద్యకు ఉద్దేశించిన పథకాల్లో ముఖ్యమైనది ప్రధానమంత్రి ఉపకార వేతన పథకం. 2006-07 విద్యా సంవత్సరంలో ఇది ప్రారంభమైంది. జాతీయ రక్షణ నిధి నుంచి దీనికి సొమ్ము కేటాయిస్తారు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, తీర రక్షక దళాల్లో పనిచేసి విరమణ పొందినవారిపై ఆధారపడిన పిల్లలు, మరణించిన సైనికుల భార్యలు దీనికి అర్హులు.

ఆరంభంలో తక్కువగా ఉన్న ఈ మొత్తాన్ని 2019లో పెంచారు. నెలకు రూ.2 వేలు ఉన్న బాలుర ఉపకార వేతనం రూ.2,500కు, రూ.2,250 ఉన్న బాలికల ఉపకార వేతనం రూ.3 వేలకు చేరింది. ఏడాది మొత్తాన్ని ఒకేసారి విద్యార్థి బ్యాంకు ఖాతాలో జమ చేస్తారు. ఆ లెక్కన బాలురకు ఏడాదికి రూ.30 వేలు, బాలికలకు రూ.36 వేలు అందుతాయి. నాలుగేళ్ల బీటెక్ చదివే బాలికకు మొత్తంమీద రూ.1,44,000, బాలుడికి రూ.1,20,000 లభిస్తాయన్నమాట. దేశవ్యాప్తంగా ఏటా 5,500 మందిని కొత్తగా ఎంపిక చేస్తారు. అందులో సగం, అంటే 2,750 బాలికలకే కేటాయించారు.

బీఈ, బీటెక్, ఎంబీబీఎస్, బీడీఎస్, బీఫార్మసీ, బీఎడ్, బీబీఏ, బీసీఏ వంటి వృత్తి విద్యా కోర్సుల్లో చేరినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. పీజీ స్థాయిలో ఎంబీఏ, ఎంసీఏలకు మాత్రమే వర్తిస్తుంది. కోర్సుకు, కళాశాలకు సంబంధిత నియంత్రణ మండలి గుర్తింపు ఉండాలి. కోర్సులో చేరేందుకు కావాల్సిన కనీస అర్హత పరీక్షలో, అంటే ఇంటర్, డిప్లొమా లేదా డిగ్రీలో 60 శాతం మార్కులు తప్పనిసరి. దూరవిద్యలో చదివేవారికి, విదేశాల్లో చదివేవారికి వర్తించదు. సాధారణ బీఏ, బీకాం, బీఎస్సీ కోర్సులు దీని పరిధిలోకి రావు.

మొదటి ఏడాదే కీలకం

ఈ పథకంలో అందరూ గుర్తుంచుకోవాల్సిన నిబంధన ఒకటుంది. కోర్సులో చేరిన మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాలి. రెండో ఏడాదో, మూడో ఏడాదో విషయం తెలిసి కార్యాలయానికి వెళితే ప్రయోజనం ఉండదు. ఒక్క ఏడాది గడువు దాటిపోతే ఆ కోర్సు మొత్తానికీ వచ్చే సాయం పోయినట్లే. కౌన్సెలింగ్, రుసుముల చెల్లింపు, హాస్టలు వెతుకులాటతో తల్లిదండ్రులు తలమునకలై ఉండే నెలల్లోనే ఈ దరఖాస్తుల సమయమూ వస్తుంది. అందుకే ప్రవేశ పరీక్ష రాసిన నాటి నుంచే పత్రాలు సిద్ధం చేసుకోవడం మేలు.

ఎంపికైన తరువాత కూడా ఏటా పునరుద్ధరణ చేయించుకోవాలి. ఇందుకు ప్రతి విద్యా సంవత్సరంలో కనీసం 50 శాతం మార్కులతో ఉత్తీర్ణత సాధించాలి. సబ్జెక్టులు మిగిలిపోతే సాయానికి ఆటంకం ఏర్పడుతుంది.

ఎంపికలో ప్రాధాన్య క్రమం

దరఖాస్తు చేసిన వారందరికీ ఉపకార వేతనం వస్తుందన్న హామీ లేదు. ఆరు విభాగాలుగా ప్రాధాన్య క్రమం నిర్ణయించారు. యుద్ధంలో లేదా సైనిక చర్యలో అమరులైన వారి పిల్లలు, భార్యలు మొదటి వరుసలో ఉంటారు. సైనిక చర్యలో గాయపడి వైకల్యంతో వెనుదిరిగినవారి కుటుంబాలు రెండో వరుసలో, విధి నిర్వహణ కారణంగా మరణించినవారి కుటుంబాలు మూడో వరుసలో, విధి నిర్వహణ కారణంగా వైకల్యం పొందినవారి కుటుంబాలు నాలుగో వరుసలో ఉంటాయి. సాహస పురస్కారాలు పొందినవారి కుటుంబాలది ఐదో వరుస. అధికారి హోదా కంటే దిగువన పనిచేసి విరమణ పొందిన మాజీ సైనికుల పిల్లలు ఆరో విభాగంలోకి వస్తారు.

గ్రామాల్లోని మాజీ సైనికుల్లో ఎక్కువ మంది ఈ ఆరో విభాగానికే చెందుతారు. ఇందులో పోటీ ఎక్కువ. మార్కుల ఆధారంగా ఎంపిక జరుగుతుంది కాబట్టి 60 శాతం వస్తే చాలన్న భరోసాతో ఉండక ఇంటర్‌లో మంచి మార్కులపై దృష్టి పెట్టాలి.

సాధారణ డిగ్రీ చదివేవారికి మరో పథకం

బీఏ, బీకాం, బీఎస్సీ చదివే పిల్లలకు రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి విద్యా గ్రాంటు లభిస్తుంది. ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు, ఒక కుటుంబంలో ఇద్దరు పిల్లల వరకు దీన్ని పొందవచ్చు. హవల్దారు లేదా దానికి సమానమైన హోదా, అంతకు దిగువ హోదాల్లో పనిచేసినవారి పిల్లలు అర్హులు. మరణించిన సైనికుల భార్యలు పీజీ చదవాలనుకుంటే వారికీ గ్రాంటు ఇస్తారు.

చాలాకాలంగా ఈ గ్రాంటు ఒక్కొక్కరికి నెలకు రూ.1,000గా ఉండేది. 2025 అక్టోబరులో రక్షణ శాఖ దీన్ని రెట్టింపు చేసి రూ.2 వేలుగా నిర్ణయించింది. 2025 నవంబరు 1 నుంచి సమర్పించే దరఖాస్తులకు ఈ పెంపు వర్తిస్తుంది. అంటే ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఏడాదికి రూ.48 వేల వరకు అందే వీలుంది. ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవం సందర్భంగా ప్రజలు, విద్యార్థులు, ఉద్యోగులు ఇచ్చే విరాళాలతో ఏర్పడిన నిధి నుంచే ఈ గ్రాంటుకు సొమ్ము సమకూరుతుంది. పాఠశాలల్లో పిల్లలు చిన్న జెండా బొమ్మ కొని ఇచ్చే రూపాయి తిరిగి ఇలా ఓ సైనికుడి బిడ్డ పుస్తకాలకు చేరుతోంది.

విద్యార్థి గత విద్యా సంవత్సరం ఉత్తీర్ణుడై ఉండాలి. మాజీ సైనికుడు విరమణ అనంతరం మరో ఉద్యోగంలో చేరి, అక్కడ అదే పిల్లల చదువుకు భత్యం పొందుతున్నా, రాష్ట్రం నుంచి అటువంటి భత్యం తీసుకుంటున్నా ఈ గ్రాంటు వర్తించదు. బోధన రుసుముల చెల్లింపు పథకం కింద ఇప్పటికే లబ్ధి పొందుతున్న విద్యార్థులు ముందుగా సైనిక సంక్షేమ కార్యాలయంలో విషయం చెప్పి, రెండూ పొందవచ్చో లేదో నిర్ధారించుకున్నాకే దరఖాస్తు చేయాలి. ఒకటి దాచి మరొకటి పొందితే సొమ్ము తిరిగి చెల్లించాల్సి రావచ్చు.

అమరుల పిల్లలకు పూర్తి రుసుము

యుద్ధంలో అమరులైన, గల్లంతైన, శాశ్వత వైకల్యం పొందిన సైనికుల పిల్లలకు ప్రత్యేక విద్యా రాయితీ ఉంది. 1971 యుద్ధం ముగిసిన వెంటనే, అదే ఏడాది డిసెంబరు 18న లోక్‌సభలో దీన్ని ప్రకటించారు. 1972 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి డిగ్రీ పూర్తయ్యే వరకు బోధన రుసుము, హాస్టలు ఖర్చులు ప్రభుత్వమే తిరిగి చెల్లిస్తుంది.

ఏడో వేతన సంఘం సిఫార్సుల నేపథ్యంలో 2017 జులై నుంచి ఈ రాయితీకి నెలకు రూ.10 వేల పరిమితి విధించారు. దేశవ్యాప్తంగా సుమారు 3,400 మంది పిల్లల చదువుపై ప్రభావం పడిందని అప్పట్లో తీవ్ర విమర్శలు వచ్చాయి. దీంతో 2018 మార్చిలో రక్షణ శాఖ ఆ పరిమితిని ఎత్తివేసింది. ఈ రాయితీ కోసం సైనికుడు పనిచేసిన విభాగపు రికార్డు కార్యాలయాన్ని సంప్రదించాలి.

సీట్ల కేటాయింపులోనూ అవకాశం

ఆర్థిక సాయంతోపాటు ప్రవేశాల్లోనూ సైనికుల పిల్లలకు కోటా ఉంది. తెలంగాణ ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సాయుధ దళాల సిబ్బంది పిల్లలకు ‘క్యాప్’ కేటగిరీ కింద ఇంజినీరింగ్ సీట్లలో 2 శాతం కేటాయిస్తున్నారు. మాజీ సైనికులతోపాటు ప్రస్తుతం సర్వీసులో ఉన్నవారి పిల్లలకూ ఇది వర్తిస్తుంది. ప్రవేశ పరీక్ష దరఖాస్తులోనే ప్రత్యేక కేటగిరీ గడిలో ఈ విషయాన్ని నమోదు చేయాలి. కౌన్సెలింగ్ సమయంలో ప్రత్యేక కేటగిరీ అభ్యర్థుల ధ్రువపత్రాల పరిశీలనకు నిర్దేశించిన తేదీన విధిగా హాజరుకావాలి. ఆ రోజు వెళ్లకుంటే మంచి ర్యాంకు ఉన్నా కోటా వర్తించదు.

ఎంబీబీఎస్, బీడీఎస్ కోర్సుల్లో కేంద్ర కోటా కింద రక్షణ శాఖకు కేటాయించిన సీట్లకు కేంద్రీయ సైనిక బోర్డు అభ్యర్థులను నామినేట్ చేస్తుంది. నీట్‌లో అర్హత సాధించి ఉండాలి. ఇక్కడ కూడా అమరుల పిల్లలకు తొలి ప్రాధాన్యం. రాష్ట్ర కౌన్సెలింగ్‌తో సంబంధం లేకుండా దీనికి వేరుగా దరఖాస్తు చేయాలి.

సైనిక సంక్షేమ విద్యా సంస్థ ఆధ్వర్యంలో నడిచే కళాశాలలు మరో మార్గం. 2001లో సికింద్రాబాద్‌లో ప్రారంభమైన ఆర్మీ దంత వైద్య కళాశాల, పుణెలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఈ కోవలోనివే. ఇవి సైన్యంలో పనిచేసినవారి పిల్లల కోసం ఏర్పాటైనవి.

సైనికుడే చదవాలనుకుంటే

అమెరికాలో 1944లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకంతో వచ్చిన జీఐ బిల్లు, యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుడినే కళాశాలకు పంపింది. ఆ చట్టం కింద సుమారు 22 లక్షల మంది మాజీ సైనికులు కళాశాలలు, విశ్వవిద్యాలయాల్లో చదివారు. మన దేశంలో పద్ధతి వేరు. ఇక్కడ విద్యా సాయంలో ఎక్కువ భాగం సైనికుడి పిల్లలకు, భార్యకు ఉద్దేశించిందే. ప్రధానమంత్రి ఉపకార వేతనం మాజీ సైనికుడికి స్వయంగా వర్తించదు.

అయితే దారులు పూర్తిగా మూసుకుపోలేదు. విరమణకు ముందు చివరి రెండేళ్లలో పునరావాస డైరెక్టరేట్ జనరల్ ద్వారా వృత్తి శిక్షణ కోర్సులు చేసే వీలుంది. జవాన్లకు, జూనియర్ కమిషన్డ్ అధికారులకు ఈ శిక్షణ ఉచితం. అధికారులు మాత్రం రుసుములో 40 శాతం భరించాలి. సెలవు మిగిలిపోతుందనో, ఇంటికి తొందరగా రావాలనో ఈ కోర్సులను వదులుకోవడం నష్టం.

పదో తరగతి చదివి పదిహేనేళ్లు సేవలు అందించిన సైనికుడిని కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాలకు డిగ్రీ అర్హత ఉన్నవాడిగా పరిగణిస్తారు. దీనికి సంబంధించి ఇచ్చే ధ్రువపత్రాన్ని చూసి విశ్వవిద్యాలయ డిగ్రీ వచ్చిందని భావించేవారున్నారు. అది సరికాదు. ఉద్యోగ అర్హతకు ఉపయోగపడే ఆ పత్రంతో పీజీలో ప్రవేశం లభించదు. నిజమైన పట్టా కావాలంటే చదవాల్సిందే. 1982లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఉద్యోగం, వ్యవసాయం చేసుకుంటూ డిగ్రీ పూర్తిచేసేందుకు వీలు కల్పిస్తున్నాయి.

అగ్నివీరుల సంగతేమిటి?

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరిన యువకులకు పై పథకాలు వర్తిస్తాయా అన్న సందేహం గ్రామాల్లో తల్లిదండ్రులకు ఉంది. నాలుగేళ్ల తరువాత బయటకు వచ్చే అగ్నివీరులకు మాజీ సైనికుడి హోదా ఉండదని పథకం నిబంధనల్లో పేర్కొన్నారు. కాబట్టి మాజీ సైనికుల కోసం ఉన్న విద్యా సాయాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. 25 శాతం మందిని వరకు రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. అలా కొనసాగి విరమణ పొందినవారి కుటుంబాలకు హోదా మారుతుంది.

అగ్నివీరుల చదువు కోసం ఇగ్నో ప్రత్యేక డిగ్రీని రూపొందించింది. మూడేళ్ల డిగ్రీకి అవసరమైన క్రెడిట్లలో సగం సైన్యంలో పొందిన నైపుణ్య శిక్షణ నుంచి, మిగతా సగం ఎంచుకున్న సబ్జెక్టుల నుంచి లెక్కిస్తారు. సర్వీసులో ఉండగానే ఈ కోర్సు ప్రారంభించడం మంచిది. బయటకు వచ్చేటప్పుడు అందే సేవానిధి ప్యాకేజీ వడ్డీతో కలిపి సుమారు రూ.11.71 లక్షలని పథకం ప్రకటించినప్పుడు తెలిపారు. అందులో కొంత చదువుకు పక్కన పెట్టుకోవడం వివేకం.

కేంద్ర బలగాలకు వేరు

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో పనిచేసినవారు కేంద్రీయ సైనిక బోర్డు పరిధిలోకి రారు. వారి పిల్లలకు ఇదే పేరుతో కేంద్ర హోంశాఖ వేరుగా ఉపకార వేతనాలు ఇస్తోంది. ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో అమరులైన రాష్ట్ర పోలీసుల పిల్లలకూ 2019లో ఈ పథకాన్ని విస్తరించి ఏటా 500 ఉపకార వేతనాలు కేటాయించారు. నక్సల్ హింసను దశాబ్దాలపాటు చూసిన ఉమ్మడి వరంగల్ జిల్లాలో పోలీసు కుటుంబాలకు ఇది ఉపయోగకరం. వీరు తమ శాఖ ద్వారానే దరఖాస్తు చేసుకోవాలి.

కావాల్సిన పత్రాలు

ప్రధానమంత్రి ఉపకార వేతనానికి కేంద్రీయ సైనిక బోర్డు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ ద్వారా దరఖాస్తు చేయాలి. మూడు ధ్రువీకరణలు ముఖ్యం.

1. మాజీ సైనికుడని సైనిక సంక్షేమ అధికారి ఇచ్చే ధ్రువీకరణ.
2. విద్యార్థి ఫలానా కోర్సులో చదువుతున్నట్లు కళాశాల ప్రిన్సిపల్ ఇచ్చే బోనఫైడ్.
3. విద్యార్థి పేరిట ఉన్న ఖాతాకు ఆధార్ అనుసంధానమైనట్లు బ్యాంకు ధ్రువీకరణ.

వీటితోపాటు డిశ్చార్జి పుస్తకం, పింఛను మంజూరు ఉత్తర్వు, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, విద్యార్థి పదో తరగతి మెమో, ఇంటర్ లేదా డిప్లొమా మార్కుల జాబితా దగ్గర ఉంచుకోవాలి. నకళ్లు కాక అసలు పత్రాలనే స్కాన్ చేసి పెట్టాలి. మొబైల్ ఫోనుతో మసకగా తీసిన చిత్రాలు తిరస్కరణకు గురవుతాయి. ఆన్‌లైన్‌లో పంపడంతో పని పూర్తి కాదు. అసలు పత్రాలతో సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి పరిశీలన చేయించుకోవాలి. ఆ తరువాతే దరఖాస్తు రాష్ట్ర స్థాయికి, అక్కడి నుంచి ఢిల్లీకి చేరుతుంది. ఏదైనా లోపం ఉంటే దరఖాస్తును వెనక్కి పంపుతారు. కాబట్టి ఇచ్చిన మొబైల్ నంబరు మార్చకుండా, దరఖాస్తు స్థితిని వారానికోసారైనా చూసుకోవాలి.

పేరులో తేడా.. పెద్ద చిక్కు

పత్రాలన్నీ ఉన్నా చివరికి చిక్కు వచ్చేది పేర్ల వద్దే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. సైన్యం రికార్డులో ఇంటిపేరు ఉండనే ఉండదు, లేదా చివర ఉంటుంది. జవాను సెలవుపై వచ్చినప్పుడు పుట్టిన బిడ్డకు ఒక పేరు రాయించి, బడిలో చేర్చేటప్పుడు మరో పేరు పెట్టిన సందర్భాలూ ఉంటాయి. పుట్టిన తేదీల్లో తేడాలు సరేసరి. డిశ్చార్జి పుస్తకంలోని కుటుంబ వివరాలకు, మెమోకు, ఆధార్‌కు పొంతన లేకుంటే ఆమె ఆ సైనికుడి కుమార్తేనని నిర్ధారించేందుకు అధికారులకు ఆధారం ఉండదు.

సర్వీసులో ఉన్నప్పుడు వివాహం, పిల్లల జననం వంటి వివరాలను ‘పార్ట్ టూ ఆర్డర్’ ద్వారా నమోదు చేస్తారు. ఈ నమోదు జరగకున్నా, విరమణ తరువాత పిల్లలు పుట్టినా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు కార్యాలయానికి రాసి సరిచేయించుకోవాలి. ఎవరు ఏ విభాగంలో పనిచేశారో దాన్ని బట్టి రికార్డు కార్యాలయం మారుతుంది. ఆర్టిలరీవారికి నాసిక్‌లో, ఈఎంఈ, ఆర్డినెన్స్ విభాగాలవారికి సికింద్రాబాద్‌లో, మద్రాస్ ఇంజినీర్ గ్రూపువారికి బెంగళూరులో, మద్రాస్ రెజిమెంటువారికి వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. ఉత్తర ప్రత్యుత్తరాలకు నెలలు పడుతుంది. దరఖాస్తు గడువు వచ్చాక మొదలుపెడితే పని జరగదు. బిడ్డ తొమ్మిదో తరగతిలో ఉండగానే డిశ్చార్జి పుస్తకం తెరిచి, పేరు, పుట్టిన తేదీ సరిచూసుకుని, పదో తరగతి పరీక్ష రుసుము కట్టేటప్పుడు బడిలో అవే వివరాలు ఇస్తే సగం చిక్కులు తొలగుతాయి.

ఎక్కడ సంప్రదించాలి

2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో రఘునాథపల్లి మండలం వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి మారింది. రెవెన్యూ పనులకు జనగామ వెళుతున్నా, సైనిక సంక్షేమానికి సంబంధించి ఉమ్మడి జిల్లా కార్యాలయం హనుమకొండలోనే ఉంది. మండలవాసులు రైలులో కాజీపేట వరకు, లేదా జాతీయ రహదారిపై నడిచే ఆర్టీసీ బస్సుల్లో అక్కడికి చేరుకోవచ్చు. మాజీ సైనికుడు మొదట ఈ కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని గుర్తింపు కార్డు పొంది ఉండాలి. విరమణ పొంది వచ్చాక ఊరు మారినవారు పాత జిల్లా నుంచి నమోదును బదిలీ చేయించుకోవాలి.

సైనికుడు మరణించిన కుటుంబాల్లో ఇబ్బంది మరింత ఎక్కువ. భర్త పత్రాలు ఏ పెట్టెలో ఉన్నాయో, ఏ కాగితం దేనికి పనికొస్తుందో తెలియని మహిళలు ఉన్నారు. వారిలో చదువు ఆపేసినవారు తిరిగి కొనసాగించేందుకు కూడా పై పథకాల్లో చోటుంది. ఊళ్లోని తోటి మాజీ సైనికులు ఒక పూట వెచ్చించి ఆ పత్రాలు సరిచూసి, కార్యాలయం వరకు తోడు వెళితే ఒక బిడ్డ చదువు నిలబడుతుంది. ఇంటర్ ఫలితాలు వెలువడే ముందే మండలంలోని మాజీ సైనికుల కుటుంబాలు డిశ్చార్జి పుస్తకాలు, గుర్తింపు కార్డులు, బ్యాంకు ఖాతాల వివరాలు సరిచూసుకోవడం ఎంతైనా అవసరం.